కరెంటు పెడుతుంటే మళ్లీ వేడి కూడానా? హైపర్‌థర్మియాపై అపోహలు - వాస్తవాలు

మన దగ్గర క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్‌ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. దానికి తోడుగా గడ్డని మెషీన్‌తో వేడి చేసే చికిత్సే హైపర్‌థర్మియా. సగం అపోహలు ఆ మాటలోనే ఉన్నాయి.

అపోహ: కరెంటుకే ఒళ్లు వేడి చేస్తోంది, దానిమీద ఇంకో వేడి ఎందుకు?

రేడియేషన్ వేడి చేయదు. రోజువారీ 2 గ్రే (రేడియేషన్‌ని కొలిచే యూనిట్) మోతాదుకి కణజాలం ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు కూడా పెరగదు. చర్మం నల్లబడటం, మంట పుట్టడం కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతిన్నందువల్ల వచ్చేవి. హైపర్‌థర్మియాది వేరే పని. గడ్డని 40 నుంచి 43 డిగ్రీల మధ్యకి తెచ్చి సుమారు గంటసేపు అక్కడే నిలపాలి. రేడియేషన్ తెంచిన డీఎన్‌ఏని క్యాన్సర్ కణం అతుకు వేసుకోబోతుంది. ఆ మరమ్మతుకి కావలసిన బీఆర్‌సీఏ2 ప్రోటీన్ 41 డిగ్రీలు దాటాక విచ్ఛిన్నమై కొన్ని గంటలపాటు తగ్గిపోతుంది. పైగా, ఆక్సిజన్ అందక రేడియేషన్‌కి మొండికేసే గడ్డ నడిమి భాగమే వేడికి ఎక్కువ లొంగుతుంది.

మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగొచ్చా అని అడుగుతారు. వేరే జబ్బుల వల్ల డాక్టర్ వద్దనకపోతే హాయిగా తాగండి. వాటి చలవకీ ఈ చికిత్సకీ లంకె లేదు.

అపోహ: వేడే కదా, ఇంట్లో కాపడం పెట్టుకుంటే సరిపోతుంది.

ఇది ప్రమాదం. వేడినీళ్ల సంచి వేడి చర్మం కిందకి పెద్దగా దిగదు. దిగబోయినదాన్ని రక్తప్రసరణ లాక్కుపోతుంది. లోపలికి పంపాలని వేడి పెంచితే ముందు కాలేది చర్మమే. రేడియేషన్ పడుతున్న చర్మం అసలే నాజూకుగా ఉంటుంది. ఆ చోట కాపడం, ఆవిరి, హీటింగ్ ప్యాడ్ ఏదీ వద్దు.

అపోహ: మెషీన్ ఉంటే చాలు, ఆన్ చేస్తే గడ్డ వేడెక్కుతుంది.

ఈ రంగాన్ని ఏళ్లపాటు వెనక్కి లాగింది ఈ నమ్మకమే. అమెరికాలో రేడియేషన్ చికిత్సపై ట్రయల్స్ చేసే ఆర్‌టీఓజీ సంస్థ చర్మానికి దగ్గరగా ఉండే గడ్డల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 1991లో వచ్చాయి. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారికీ, వేడి జోడించినవారికీ మొత్తం మీద తేడా కనిపించలేదు. 3 సెంటీమీటర్ల లోపు గడ్డల్లో మాత్రం లాభం కనిపించింది. పెద్ద గడ్డలు సరిగా వేడెక్కనే లేదు మరి. 2005లో డ్యూక్ యూనివర్సిటీ బృందం ముందుగా ఒక పరీక్ష సెషన్ పెట్టి, వేడెక్కే గడ్డలున్నవారినే ట్రయల్‌లో కొనసాగించింది. గడ్డ పూర్తిగా కరిగినవారు రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో 42 శాతం, వేడి కూడా ఇచ్చినవారిలో 66 శాతం.

డిగ్రీ తేడా ఎంత పని చేస్తుందో లెక్క ఉంది. వేడి ఒక్కదానితోనే కణం చావాలంటే, 43 డిగ్రీల దగ్గర గంటలో అయ్యే పనికి 44 దగ్గర అరగంట చాలు. అదే 42కి దిగితే నాలుగు గంటలు, 41కి దిగితే పదహారు గంటలు కావాలి. రేడియేషన్‌కి తోడుగా ఇచ్చినప్పుడు 40, 41 కూడా కొంత ఉపయోగపడతాయి, కానీ ఎంత చేరిందో కొలవాల్సిందే. అందుకే సన్నటి ఉష్ణోగ్రత ప్రోబ్‌లు చర్మం మీద, గడ్డ దగ్గర, పొత్తికడుపు కేసుల్లో మలద్వారం, యోని, మూత్రాశయంలో కూడా పెడతాం. మైక్రోవేవ్ అప్లికేటర్లతో వేడి 3-4 సెంటీమీటర్ల లోతు దాకానే చేరుతుంది. అంతకంటే లోపలి గడ్డకి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాల మెషీన్ కావాలి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పడుకోబెట్టే పద్ధతిలో ముందుగా వేడెక్కేది కొవ్వు, కాబట్టి పొట్ట మీద కొవ్వు మందంగా ఉంటే ఆ పద్ధతి కష్టం.

అపోహ: రోజూ పెడితే త్వరగా తగ్గుతుంది.

ఒకసారి వేడి తగిలిన కణాలు రెండు మూడు రోజులు వేడిని తట్టుకునే స్థితిలో ఉంటాయి. అందుకే వారానికి ఒకటి, మహా అయితే రెండు. రేడియేషన్ ఇచ్చిన ఎంతసేపటిలో వేడి పెట్టాలన్న దానిమీద నిపుణుల మాట ఒకటి కాదు. ఎక్కువచోట్ల నాలుగు గంటల లోపే ముగిస్తారు.

అపోహ: ఏ క్యాన్సర్‌కైనా పనిచేస్తుంది, కీమో కూడా తప్పిపోతుంది.

రెండూ కాదు. ఆధారం గట్టిగా ఉన్నవి కొన్నే: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ఛాతీ మీద తిరిగి వచ్చినప్పుడు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్, కొంతమేర తల-మెడ క్యాన్సర్లు. నెదర్లాండ్స్ ట్రయల్ ఫలితాలు 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవారు రేడియేషన్ ఒక్కటే ఇస్తే 27 శాతం, వేడి కలిపితే 51 శాతం. ఆ 27 మరీ తక్కువని విమర్శ వచ్చింది, అందులో న్యాయం ఉంది. ఇప్పుడు ఆ జబ్బుకి రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వడం ప్రామాణిక చికిత్స. దానిమీద వేడి జోడించిన జపాన్ ట్రయల్ 2016లో వచ్చింది. ఫలితం వేడి వైపే మొగ్గింది గానీ, బతికినవారి లెక్కలో తేడా గణాంకపరంగా నిలబడలేదు. సిస్‌ప్లాటిన్ తట్టుకోలేనివారికి, లేదా ఇదివరకే రేడియేషన్ పడిన చోట మళ్లీ తక్కువ మోతాదులో ఇవ్వాల్సి వచ్చినప్పుడు వేడి మాట తప్పక ఎత్తాలి.

కడుపులో వేడి కీమో పోసే హైపెక్, సూది దూర్చి గడ్డని 60 డిగ్రీలకి పైగా కాల్చే అబ్లేషన్ ఈ చికిత్స కావు, అవి వేరు. పేర్లు కలిసిపోతుంటాయి.

అపోహ: నొప్పి ఓర్చుకుంటే మంచి ఫలితం.

ఓర్చుకోకండి. పేస్‌మేకర్ ఉన్నవారికి, గర్భిణులకి ఈ చికిత్స చేయం. వేడి తగిలే చోట ఎముకకి రాడ్డు, ప్లేటు ఉంటే ముందే చెప్పాలి. షుగర్ వల్లో పాత ఆపరేషన్ వల్లో స్పర్శ తెలియని చర్మం ఉంటే అదీ చెప్పాలి. తాళి, మెట్టెలు, మొలతాడు, దానికున్న తాయెత్తు అన్నీ తీసి రావాలి. లోహం చుట్టూ చర్మం కాలుతుంది. చర్మానికి ఆనించే నీళ్ల సంచిని బోలస్ అంటాం. దానికింద గాలి బుడగ చిక్కినా, చెమట చుక్క నిలిచినా ఆ ఒక్కచోట వేడి ఎక్కువైపోతుంది, అందుకే మధ్యమధ్యలో తుడుస్తుంటాం. లోతైన చోట వేడి ఎక్కువైతే అది మంటలా తెలియదు. ‘ఎవరో బలంగా ఒత్తుతున్నట్టుంది’ అంటారు పేషెంట్లు. చాలామంది దాన్ని పట్టించుకోకుండా పడుకుంటారు, మర్నాటికి చర్మం కింద కొవ్వు గట్టిపడి నొప్పి పెడుతుంది. ఒత్తినట్టు అనిపించిన క్షణాన చెప్పేయండి. పవర్ తగ్గించాలా, బోలస్ జరపాలా అన్నది మేము చూసుకుంటాం.