పిన్ని ఎప్పుడు వచ్చింది? భయపెట్టే అద్భుత కథా చిత్రాలపై అపోహలు - వాస్తవాలు

విదేశీ చిత్రాలకు తెలుగు మాటలు రాయడం నా వృత్తి. రాకెట్లు, గూఢచారులు, డైనోసార్లు అన్నీ వస్తుంటాయి కానీ, కొన్నేళ్ళుగా నా బల్ల మీదికి ఎక్కువగా చేరుతున్నవి రాజకుమార్తెలు, తోడేళ్ళు, మంత్రగత్తెలు. అదీ చిన్నప్పుడు మనం బొమ్మల పుస్తకాల్లో చూసినట్టు కాదు. సిండ్రెల్లా కథలో పాదాలు కోసుకుంటున్నారు, ఎర్ర టోపీ పిల్ల తోడేలు పక్కన పడుకుంటోంది. ఇలాంటి పని చేస్తున్నానని తెలిసినప్పటి నుంచి బంధువులు, మిత్రులు నాకు చెప్పే మాటలు దాదాపు ఒకటే. వాటిలో నిజమెంతో, కానిదెంతో ఒకసారి రాసి పెట్టుకుందామనిపించింది.

అపోహ: ముచ్చటైన పిల్లల కథలకు సినిమావాళ్ళు మసి పూశారు

మసి మొదటి నుంచీ ఉంది. సున్నం వేసిందే తరువాత.

జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు యాకోబ్, విల్‌హెల్మ్ తమ కథల మొదటి సంపుటాన్ని 1812లో, రెండోదాన్ని 1815లో అచ్చువేశారు. పేరులో పిల్లల మాట ఉన్నా అందులో బొమ్మలు లేవు, వెనక పండితుల కోసం వివరణలు ఉన్నాయి. పంది కోత ఆట ఆడుకుంటూ ఒక పిల్లవాడు మరో పిల్లవాణ్ణి నిజంగానే కోసేసే కథ కూడా ఉంది. రెండో కూర్పులో దాన్ని తీసేశారు. పిల్లలున్న ఇళ్ళ కోసమని 50 కథలు ఏరి, బొమ్మలు జోడించి చిన్న పుస్తకం వేసింది 1825లో. అంతకుముందు ఫ్రాన్సులో షార్ల్ పెరో 1697లో రాసిన ఎర్ర టోపీ పిల్ల కథ తోడేలు ఆమెను మింగేయడంతో ముగుస్తుంది. వేటగాడు రాడు, పొట్ట కోయడు. కథ అయ్యాక పద్యంలో ఒక హెచ్చరిక, అంతే. ఇంకా వెనక్కి, 1634-36 మధ్య అచ్చయిన నేపుల్స్ రచయిత జంబత్తిస్తా బసీలె పుస్తకానికి వెళ్తే, నిద్రపోతున్న రాజకుమారిని లేపడానికి ముద్దు లేదు. రాజు ఆమెను నిద్రలోనే చెరుస్తాడు. ఆమె ఆ నిద్రలోనే కవలలను కంటుంది. 2015లో ఇటలీ దర్శకుడు మత్తెయో గర్రోనె బసీలె కథలను తెరకెక్కించినప్పుడు ఎంతో దుస్సాహసం చేశాడన్నారు. ఈ కథ జోలికి మాత్రం ఆయన వెళ్ళలేదు.

అపోహ: కొత్త చిత్రాలు 'అసలు కథ'కు తిరిగి వెళ్తున్నాయి

పై అపోహ నుంచి బయటపడినవాళ్ళు నేరుగా వచ్చి పడే గొయ్యి ఇది. "మీకు ఎవరూ చెప్పని అసలు కథ" అని ప్రచారం చేసే చిత్రాలకు కొదవ లేదు. ఏది అసలు?

గ్రిమ్ సోదరులు ఊరూరా తిరిగి రైతుల నోట విన్నది విన్నట్టు రాశారని చాలామంది నమ్మకం. వారికి కథలు చెప్పినవారిలో చదువుకున్న మధ్యతరగతి ఇళ్ళ యువతులు ఎందరో. వారిలో హాసెన్‌ఫ్లుగ్ అక్కచెల్లెళ్ళ కుటుంబానికి ఫ్రెంచి మూలాలున్నాయి. పెరో కథలు ఆ దారినే జర్మనీ పుస్తకంలోకి నడిచి వచ్చాయి. పుస్తకం 1857 నాటికి ఏడు కూర్పులు చూసింది, ప్రతిసారీ విల్‌హెల్మ్ కలం ఆడింది. ఆ కలం ఏం తీసింది, ఏం చేర్చింది అన్నదే నాకు ఎంతకీ తనివి తీరని విషయం.

శృంగారపు జాడలను తీసేశాడు. 1812లో గోపురంలోని రపుంజెల్, బట్టలు ఎందుకు బిగుతవుతున్నాయని అమాయకంగా అడుగుతుంది. గర్భవతి అని మనకు అర్థమవుతుంది. తరువాతి కూర్పుల్లో ఆ మాట పోయి, పైకి లాగుతుంటే రాకుమారుడి కంటే నువ్వే బరువున్నావేమిటని మంత్రగత్తెను అడిగే తెలివితక్కువ మాట వచ్చింది. హింస సంగతి వేరు. సిండ్రెల్లా అక్కల కళ్ళను పావురాలు పొడిచి పీకేయడం 1812 కూర్పులో లేదు, 1819లో చేర్చినది. అంటే పాతది మరింత క్రూరంగా ఉంటుందన్న లెక్క కూడా నిలవదు. కథను కుటుంబాల కోసం శుభ్రం చేసిన చేతులే కళ్ళు పీకించాయి. తప్పు చేసినవారికి పడే శిక్ష ఎంత ఘోరమైనా పిల్లలకు మంచిదే అనుకున్న కాలం అది. స్నోవైట్ పెళ్ళిలో రాణి ఎర్రగా కాలిన ఇనుప చెప్పులు తొడుక్కుని చచ్చేదాకా నాట్యం చేయడం చివరి కూర్పు దాకా చెక్కుచెదరలేదు.

అన్నింటికంటే పెద్ద మార్పు మరొకటి. 1812లో స్నోవైట్‌ను చంపించబోయింది సవతి తల్లి కాదు, కన్నతల్లి. మంచులో రక్తపు బొట్లు చూసి ఇలాంటి బిడ్డ కావాలని కోరుకున్న తల్లే, ఆ బిడ్డ తనకంటే అందంగా ఉందని చంపమంటుంది. 1819లో ఆ తల్లి పురిట్లో చనిపోయి సవతి తల్లి వచ్చింది. హాన్సెల్, గ్రెటెల్‌ను అడవిలో వదిలేయమన్న తల్లి 1840 కూర్పు నాటికి సవతి తల్లి అయింది. తల్లి అంత పని చేస్తుందని రాయడానికి విల్‌హెల్మ్‌కు మనసొప్పలేదు.

నా దృష్టిలో ఈ రకం చిత్రాల్లో మంచివాటికీ చెత్తకూ తేడా ఇక్కడే తేలుతుంది. చెత్తవి అడవిని చీకటి చేస్తాయి. మంచివి ఇంటిని.

అపోహ: రక్తం ఎక్కువుంటే చీకటి ఎక్కువ

స్విట్జర్లాండ్ పండితుడు మాక్స్ లూతి 1947లోనే ఒక సంగతి గమనించాడు. అద్భుత కథల్లో మనుషులకు లోతు ఉండదు, కాగితం బొమ్మల్లా ఉంటారు. ఏడు కాకుల కథలో చెల్లెలు గాజు కొండ తలుపు తీయడానికి తాళంచెవి లేక తన చిటికెన వేలు కోసి పెడుతుంది. నొప్పి మాట లేదు, రక్తం మాట లేదు. తలుపు తెరుచుకుంటుంది, కథ సాగిపోతుంది.

కెమెరా ముందు ఆ సౌకర్యం ఉండదు. వేలు అనగానే అది ఒక మనిషి వేలు, దానికి ఒక ముఖం. కథలో ఒక్క వాక్యంలో దాటిపోయేది తెర మీద నిమిషం పడుతుంది. మా పనిలో ఇది మరీ తెలుస్తుంది. మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉంచిన ట్రాక్ ఒకటి మాకు ఇస్తారు. ఆ ట్రాక్‌లో కత్తి శబ్దం ఉంటుంది, అరుపు ఉండదు. అరుపు మన కళాకారిణి ఇవ్వాలి. మాటలు లేని ఆ చోట నేను రాసేది కేవలం "ఊపిరి", "గుక్క", "అరుపు - ఆపుకుంటూ" అని. కత్తి శబ్దం కంటే ఆ ఆపుకున్న అరుపుకే డబ్బింగ్ థియేటర్‌లోని మా అందరి వెన్ను జలదరిస్తుంది.

సిండ్రెల్లా మాత్రం లూతి చెప్పినదానికి ఎదురు నిలుస్తుంది. అక్కడ చెప్పులో రక్తం ఉందని పావురాలు పాడి మరీ చెబుతాయి. అయినా ఆ ఘట్టంలో నన్ను వణికించేది రక్తం కాదు. కూతురి చేతికి కత్తి ఇచ్చేది తల్లి. చెప్పు పట్టేలా కాలి వేలు కోసెయ్యి, రాణివయ్యాక నీకు నడిచే పనే ఉండదు కదా అంటుంది. ఎంత మామూలు గొంతుతో అనాల్సిన మాట! నార్వే దర్శకురాలు ఎమిలీ బ్లిక్‌ఫెల్ట్ 2025లో తీసిన 'ది అగ్లీ స్టెప్‌సిస్టర్' మొత్తం ఈ మాట మీద నిలబడినట్టు ఉంటుంది. కూతురి ముక్కు సరిచేయించడం, కనురెప్పల మీద వెంట్రుకలు కుట్టించడం అంతా తల్లి దగ్గరుండి చేయించే పెళ్ళి ఏర్పాట్లే. అది చూసి కళ్ళు మూసుకున్నవారు సూదిని చూసి మూసుకున్నారు. నేను తల్లి ముఖం చూసి.

అపోహ: ఇది ఈ మధ్య పుట్టిన మోజు

కాదు. నీల్ జోర్డన్ 'ద కంపెనీ ఆఫ్ వుల్వ్స్' 1984 నాటిది. దాని కథకురాలు ఏంజెలా కార్టర్ అంతకుముందే, 1977లో, పెరోను ఇంగ్లీషులోకి అనువదించింది. పండిత పని చేసిన చేతితోనే తోడేళ్ళను రాసింది. 1997లో సిగోర్నీ వీవర్ సవతి తల్లిగా స్నోవైట్ భయానక చిత్రంగా వచ్చింది. ఆ మాటకొస్తే 1937 నాటి డిస్నీ స్నోవైట్‌లో అడవి చెట్లు చేతులు చాచే ఘట్టం ఇప్పటికీ చిన్నపిల్లలను ఏడిపిస్తుంది.

అపోహ: మంత్రగత్తెకు ఒక గతం ఇస్తే కథకు లోతు వస్తుంది

ఈ ఒక్కదానిలో నాది వృత్తి అసూయ కూడా కావచ్చు, ఎందుకంటే గతం వివరించే సంభాషణలంత విసుగు పుట్టించే రాత మరొకటి ఉండదు. 2014లో, నిద్రపోయే రాజకుమారి కథలోని మంత్రగత్తెను నాయికను చేసిన 'మలెఫిసెంట్' బాగా ఆడాక ప్రతి దుష్టపాత్రకూ ఒక గాయం కావలసి వచ్చింది. ఆ చిత్రంలో ప్రియుడు ఆమె రెక్కలు కోసుకుపోవడం బలమైన ఊహే, ఒప్పుకుంటాను. కానీ పాత కథలో ఉన్న కారణం చూడండి. గ్రిమ్ కథలో రాజ్యంలో 13 మంది జ్ఞానవతులు ఉన్నారు, రాజు దగ్గర బంగారు పళ్ళాలు 12. అందుకని ఒకరిని పిలవలేదు. ఒక్క పళ్ళెం తక్కువైనందుకు రాజభవనమంతా నూరేళ్ళు నిద్రపోయింది. పెళ్ళి పిలుపు అందలేదన్న అలకతో ఇరవై ఏళ్ళు మాటలు మానేసిన బంధువులు ఉన్న మనకు దీనికి వివరణ ఎందుకు? ఆ అలకలోని భయం రెక్కలు కోసినా రాదు.

అపోహ: 'పాన్స్ లాబిరింత్' ఒక పాత కథకు కొత్త రూపం

దాని కథ దర్శకుడు గియెర్మో దెల్ తోరో సొంతం. 1944 నాటి స్పెయిన్, అంతర్యుద్ధం ముగిసి ఫ్రాంకో పాలన నడుస్తున్న కాలం. అందులోని మేక కాళ్ళ జీవి గ్రీకు దేవత పాన్ కూడా కాదు. స్పానిష్ పేరులో ఉన్నది 'ఫౌనో' మాత్రమే, పాన్ అన్నది ఇంగ్లీషు పేరులో చేరింది. అరచేతుల్లో కళ్ళున్న రాక్షసుడు అందరికీ గుర్తుంటాడు. ఆ రాక్షసుడూ ఆ మేక కాళ్ళ జీవీ ఇద్దరూ నటుడు డగ్ జోన్స్ ఒక్కడే. కానీ కథానాయిక అయిన చిన్నపిల్లకు అసలు ప్రాణభయం రోజూ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చునే సవతి తండ్రి, సైన్యాధికారి.

అపోహ: అద్దం మాట అందరికీ తెలిసిందే

చిన్న సంగతే, అయినా నాకు ఒక రోజు పని తెచ్చిపెట్టింది. డిస్నీ రాణి "మిర్రర్, మిర్రర్" అంటుందని అందరూ ప్రమాణం చేస్తారు. 1937 చిత్రంలో ఆమె అనేది "మ్యాజిక్ మిర్రర్". రెండుసార్లు పిలవడం జర్మన్ మూలంలో ఉంది, అదీ ముద్దుగా, "చిట్టి అద్దమా, చిట్టి అద్దమా" అన్నట్టు. హంతకురాలి నోట ఆ ముద్దు పిలుపు నాకు ఎంతో నచ్చింది. నిర్మాతల తరఫువారికి నచ్చలేదు.

అపోహ: కథ అందరికీ తెలుసు కనుక మాటలు రాయడం సులువు

తెలిసిన కథే మోసం చేస్తుంది. పేరు చెప్పను, అన్నాచెల్లెళ్ళను అడవికి తరిమేసే ఒక చిత్రానికి రాస్తున్నాను. కొంత దూరం వెళ్ళాక పిల్ల ఒక అపరిచితురాలితో తమను ఎవరు గెంటేశారో చెబుతుంది. నేను "మా పిన్ని" అని రాశాను. ఇంగ్లీషులో ఉన్నది "మదర్". చూడక కాదు, చూసి కూడా చేయి దానంతటదే అలా వెళ్ళింది. ఇలాంటి పని చేసేది సవతి తల్లే కదా, సవతి తల్లిని మన పిల్లలు పిన్ని అనే పిలుస్తారు కదా. పెదవుల కదలిక కూడా నన్ను పట్టివ్వలేదు. "మదర్" పెదవులు మూసి మొదలవుతుంది, "మా పిన్ని" కూడా అంతే. సౌండ్ ఇంజనీరు సరే అన్నాడు.

ఆ పాత్రకు గొంతు ఇస్తున్న పన్నెండేళ్ళ అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి, "అంకుల్, మొదటి రీలులో ఆవిడను నేను అమ్మా అనే పిలిచాను. ఇప్పుడు పిన్ని ఎవరు?" అని అడిగింది.

విల్‌హెల్మ్ గ్రిమ్ ఆలోచించి చేసిన పనిని నేను ఆలోచించకుండా చేశానని అప్పుడు తెలిసింది. కాగితం మీద కొట్టేసి "మా అమ్మ" అని రాసి ఇచ్చాను. మొదటి టేక్ ఏడుపు గొంతుతో చెప్పింది, వద్దన్నాను. రెండోది కోపంగా. మూడోసారి, ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది. అదే ఉంచాం. తెర మీద ఆ మాట తరువాత పిల్ల కాసేపు ఏమీ మాట్లాడదు, నిప్పు వైపు చూస్తుంది. అక్కడ ఊపిరి కూడా రాయలేదు నేను.