తేటగా ఉంటే మంచినీళ్లేనా?

మా లంకల్లో వానాకాలం వచ్చిందంటే కాలవ నిండా ఎర్రనీళ్లు. మా నాయనమ్మ బిందె నింపి పెట్టి, చిల్లగింజని రాతి మీద అరగదీసి, ఆ గంధం నీళ్లలో కలిపేది. తెల్లారేసరికి మట్టంతా అడుగుకి దిగిపోయి పైన నీళ్లు అద్దంలా ఉండేవి. ఆ పైనీళ్లని అడుగు కదలకుండా వంచుకోవడం ఒక విద్య, అది నాకు ఎప్పుడూ రాలేదు. ఏదేమైనా అలా పెరిగినవాడికి తేట నీళ్లు అంటే మంచినీళ్లే, వేరే అనుమానం రాదు.

అందుకే డెట్రాయిట్ పక్కన కాపురం పెట్టాక మొదటిసారి మిషిగన్ సరస్సు చూసినప్పుడు, నడుంలోతులో నిలబడితే కాలిగోళ్లు కనిపిస్తుంటే, ఫొటో తీసి అమ్మకి పంపాను. "అక్కడ చిల్లగింజలు అమ్ముకునేవాడు బతకలేడు" అంది. నేనూ నవ్వాను. ఆ తేటదనం వెనక సంగతి నాకు తెలిసింది చాలా రోజుల తర్వాత, అదీ బడిపిల్లల కోసం నడిపే తెరచాప ఓడల గురించి చదవడం మొదలుపెట్టాక.

ముందు ఆ సరస్సు ఎంతుంటుందో చెప్పాలి. దాని విస్తీర్ణం దాదాపు 58,000 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యం 308. అంటే నూట ఎనభైకి పైగా కొల్లేళ్లు పక్కపక్కన పరిచినట్టు. లోతు కొన్నిచోట్ల 281 మీటర్లు. ఇలాంటివి అయిదు కలిపి గ్రేట్ లేక్స్ అంటారు, భూమి మీద నేలపైన నిలిచి ఉన్న మంచినీటిలో దాదాపు అయిదో వంతు వాటిలోనే ఉంది. అలలు, తుపాన్లు, మునిగిన ఓడలు అన్నీ ఉంటాయి. ఉప్పు ఒక్కటే ఉండదు.

ఈ సరస్సు పైభాగాన సటన్స్ బే అని చిన్న ఊరు. అక్కడ 1989లో మొదలైన ఇన్‌లాండ్ సీస్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ అనే సంస్థ, 1994 నుంచి ఇన్‌లాండ్ సీస్ అనే పేరుతోనే స్కూనర్ రకం తెరచాప ఓడ ఒకటి నడుపుతోంది. రెండు తెరచాప కొయ్యలు, 77 అడుగుల పొడవు. వేషం పాతకాలానిది, ఒళ్లు మాత్రం ఉక్కు. 19వ శతాబ్దంలో ఈ సరస్సుల మీద కలప, ధాన్యం మోసినవి స్కూనర్లే. 1871లో షికాగో తగలబడిపోయాక ఆ ఊరిని మళ్లీ కట్టడానికి కావలసిన కలప బోలెడంత ఇలాంటి ఓడల మీదే వచ్చింది. ఇప్పుడు ఈ ఓడ మోసే సరుకు బడిపిల్లలు.

తెరచాప ఎందుకు, మామూలు మోటారు లాంచీ అయితే సరిపోదా అని నాకూ అనిపించింది. ఫొటోల కోసం వేసే వేషం అనుకున్నాను. కానీ ఒక సంగతి ఉంది. అంత పెద్ద తెరచాపని ఒక్కడు ఎత్తలేడు. పిల్లలంతా మోకు పట్టుకుని వరసలో నిలబడి, ఒకళ్లు పలుకుతుంటే మిగతావాళ్లు అందుకుంటూ లాగాలి. మన పడవవాళ్ల హైలెస్సా ఎందుకు పుట్టిందో అక్కడ కూడా అందుకే అలాంటి పాటలు పుట్టాయి. మోకు పట్టుకున్నవాడు ఇంక ప్రేక్షకుడు కాదు. క్లాసులో వెనక బెంచీలో దాక్కునేవాడు కూడా ఇక్కడ దాక్కోలేడు, దాక్కుంటే చాప సగంలో ఆగిపోతుంది. పైగా గాలికి ఎంత బలం ఉంటుందో అరచేతికి తెలుస్తుంది. ఈ గాలి సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

ఓడ మీద పిల్లలు చేసే పనుల్లో అన్నిటికన్నా సులువైనది సెక్కీ పళ్లెం. ఇరవై సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల, నాలుగు భాగాలు చేసి ఒకటి నలుపు ఒకటి తెలుపుగా రంగు వేసి ఉంటుంది, నడుమ తాడు. దాన్ని నీళ్లలోకి దించుతూ పోయి, కనబడకుండా పోయినచోట తాడు మీద గుర్తు చూసుకుని, మళ్లీ పైకి లాగి కనబడ్డచోట ఇంకోసారి చూసుకుంటారు. ఆ రెండింటి సగటు ఆ రోజు నీటి తేట. బ్యాటరీ లేదు, యాప్ లేదు. దీన్ని కనిపెట్టిన ఆంజెలో సెక్కీ నిజానికి ఖగోళ శాస్త్రవేత్త, ఇటలీ జెస్యూట్ ఫాదర్. 1865లో పోప్‌గారి నౌక మీద మధ్యధరా సముద్రంలో తెల్లటి పళ్లేలు దించి చూశాడు. అంటే ఈ పరికరం పుట్టిందే ఓడ మీద. నలుపు తెలుపు ముక్కలు తర్వాత సరస్సుల వాళ్లు కలిపారు.

ఇక్కడే తిరకాసు. మిషిగన్ సరస్సులో ఈ పళ్లెం ఒకప్పటి కన్నా ఇప్పుడు చాలా లోతు వరకు కనిపిస్తోంది. ఉపగ్రహ చిత్రాలతో లెక్కేసినవాళ్లు, అయిదింటిలోకీ తేట అని పేరున్న సుపీరియర్ సరస్సుని కూడా మిషిగన్, హ్యూరన్ దాటేశాయని తేల్చారు. 2015 వసంతంలో కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వాళ్లు ఆకాశంలోంచి చూస్తే ఒడ్డు దగ్గర ఎప్పుడో మునిగిన ఓడల అస్థిపంజరాలు నీలి నీళ్ల కింద గీసినట్టు కనబడ్డాయి. ఆ ఫొటోలు చూసినవాళ్లంతా ఆహా అన్నారు. నేనూ అన్నాను.

కారణం వేలిగోరంత ఆల్చిప్ప. క్వాగా అంటారు, దాని దాయాది జీబ్రా. రెండూ నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం వైపువి. సరుకు దించేసిన ఓడలు తేలిపోకుండా బరువు కోసం కడుపులో నీళ్లు నింపుకుంటాయి కదా, ఆ నీళ్లలో కూర్చుని టికెట్ లేకుండా అట్లాంటిక్ దాటేశాయి. 1988లో డెట్రాయిట్ పక్కనే ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా దొరికింది. క్వాగా 1997 నాటికి మిషిగన్ సరస్సుకి చేరింది. ఒక్కొక్కటి రోజుకి లీటరు దాకా నీళ్లు వడగడుతుంది. కోట్ల కోట్లు ఉంటే లెక్క మీరే వేసుకోండి.

చిల్లగింజ తీసేది మట్టిని. క్వాగా తీసేది ప్లవకాలని, అంటే నీళ్లలో తేలే సూక్ష్మమైన మొక్కల్ని. సరస్సులో అందరి తిండీ అక్కడినుంచే మొదలవుతుంది. పైకి రెండూ నీళ్లని తేటగానే చేస్తాయి, సెక్కీ పళ్లేనికి ఆ తేడా తెలీదు. అందుకని పిల్లలు పళ్లెం దగ్గర ఆగకూడదు, అసలు పాఠం మిగతా పనుల్లో ఉంది.

వాటిలో నాకు బాగా నచ్చింది నీళ్లు పట్టే సీసా. రెండు వైపులా నోళ్లు తెరుచుకుని ఉన్న గొట్టాన్ని తాడుతో కావలసిన లోతుకి దించుతారు. అది అక్కడికి చేరాక పైనుంచి తాడు మీదుగా ఒక లోహపు గుండుని జారవిడుస్తారు. దాని పేరే మెసెంజర్. అది సర్రున దిగి వెళ్లి గొట్టానికి తగలగానే రెండు మూతలూ టప్పుమని పడిపోతాయి, ఆ లోతు నీళ్లు ఆ లోతువే పైకి వస్తాయి. మండువేసవిలో పైన ఈత కొట్టేంత వెచ్చగా ఉన్న రోజున కూడా బాగా లోతునించి తెచ్చిన ఆ నీళ్లలో వేలు పెడితే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు జిల్లుమంటుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది, అందుకే ఆ చల్లటి నీరు అడుగునే కూర్చుంటుంది. పైన వెచ్చటిది, కింద చల్లటిది, నడుమ ఒక కనబడని తలుపు.

వేసవంతా ఆ తలుపు మూసే ఉంటుంది. వసంతం ముందు మాత్రం పైనా కిందా ఒకే చలి, తలుపు లేదు. అప్పుడు వీచే గాలి, మోకు పట్టుకున్నప్పుడు పిల్లల చేతుల్ని లాగిన ఆ గాలే, సరస్సు మొత్తాన్ని అడుగుదాకా కలియబెడుతుంది. పూర్వం ఇదే ప్లవకాలకి పండగ సీజన్. ఇప్పుడు ఆ కలియబెట్టిన నీరు తిరిగి తిరిగి అడుగునున్న క్వాగాల నోటిదగ్గరికి వెళ్తుంది. చలికి, బురదకి జీబ్రా జంకుతుంది గానీ క్వాగా జంకదు, అందుకే బాగా లోతులో కూడా పరుచుకుపోయింది. వసంతపు పంట మొలకెత్తుతుండగానే మేసేస్తోందన్నమాట.

తర్వాత బురద తీస్తారు. ఇనప దవడలున్న గ్రాబ్ అడుగుకి తగలగానే నోరు మూసుకుని గుప్పెడు నేలని పట్టుకొస్తుంది. దాన్ని జల్లెడలో పోసి కడిగితే కింద ఏం మిగిలిందో కనిపిస్తుంది. ఎర్రగా మెలికలు తిరిగే దోమజాతి పురుగుల పిల్లలు కొన్ని (వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబినే), సన్నటి వానపాముల్లాంటివి కొన్ని, మిగతాదంతా గలగలమనే క్వాగా చిప్పలు. లేనిది కూడా చూడాలి. డైపోరియా అని రొయ్యపిల్లలాంటి చిన్న జీవి, ఒకప్పుడు ఈ బురదలో కుప్పలుగా ఉండేది, ఒంటినిండా కొవ్వుతో చేపలకి జీడిపప్పు లాంటి తిండి. క్వాగాలు వచ్చాక అది మిషిగన్ సరస్సులో దాదాపు మాయమైంది. దానిమీద బతికిన వైట్‌ఫిష్ బక్కచిక్కింది. లేని జీవిని పిల్లలకి చూపించడం ఎలా? జల్లెడలో వెతకమంటారు, దొరకదు, అదే చూపించడం.

వలలో వచ్చే చేపల్లో రౌండ్ గోబీ ఒకటి. మన ఇసుకదొందుకి చుట్టం, ఇదీ క్వాగా ఊరిదే, అదే దారిలో వచ్చింది, 1990లో దొరికింది. క్వాగాలని తినే ధైర్యం ఉన్న కొద్దిమందిలో ఇదొకటి, దొంగని పట్టడానికి దొంగే అన్నట్టు. ఇంకోటి ఎలవైఫ్, మన పులస చుట్టం, సముద్రంనించి కాలవల వెంట ఎక్కొచ్చింది. 1967లో అవి ఎన్ని చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయంటే బీచీల్లో బుల్డోజర్లు పెట్టి ఎత్తారు. వాటిని తినడానికి ఆ రోజుల్లోనే పసిఫిక్ నుంచి సాల్మన్ తెచ్చి వదిలారు. ఇప్పుడు క్వాగాల వల్ల ఎలవైఫ్‌కి తిండి తగ్గి, ఎలవైఫ్ తగ్గి, సాల్మన్ కూడా తగ్గింది. ఎవరో వదిలినదాన్ని ఇంకొకటి వదిలి సరిచేద్దామనుకుంటే ఎక్కడ తేలతామో ఈ ఒక్క వల చెబుతుంది.

ఓడ మీద నీళ్ల చదువు అనే ఆలోచనకి పేరు తెచ్చింది మాత్రం న్యూయార్క్ వైపు హడ్సన్ నది. పాటగాడు పీట్ సీగర్, ఆయన స్నేహితులు చందాలు పోగేసి 106 అడుగుల పాతకాలపు తెరచాప ఓడ కట్టించి 1969లో నీళ్లలోకి దించారు. దాని పేరు క్లియర్‌వాటర్, అంటే తేటనీరు! ఆ రోజుల్లో నది ఎంత మురికిగా ఉండేదంటే ఆ పేరు కోరికలాగా పెట్టుకున్నారు. తీరా చూస్తే ఆ నదికి అసలు గాయం తేటకీ మురికికీ అందనిది. 1947 నుంచి 1977 వరకు జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల రెండు ఫ్యాక్టరీల నించి దాదాపు 13 లక్షల పౌండ్ల దాకా పీసీబీలు అనే విష రసాయనాలు నదిలో కలిశాయని అంచనా. అవి బురదలో దిగి చేప కొవ్వులో చేరాయి. గ్లాసులో నీళ్లు పట్టి చూస్తే ఏమీ కనబడదు. 2009లో మొదలుపెట్టి 2015 దాకా నది అడుగు తవ్వి ఆ బురద ఎత్తాల్సొచ్చింది.

అంటే పళ్లెం పనికిమాలినదని కాదు. హుస్సేన్ సాగర్‌లో దించితే అది చెప్పే నిజం వేరు, అక్కడ తేట పెరిగితే నేనే స్వీట్లు పంచుతాను. ఒక సంఖ్యని పట్టుకుని నీటి బాగోగులు తేల్చేయకూడదు, పక్కన జల్లెడా వలా కూడా ఉండాలి, అంతే.

క్వాగాని సరస్సులోంచి ఏరేసే ఉపాయం ఇంతవరకు లేదు, చేయగలిగింది ఇంకో చెరువుకి పాకకుండా ఆపడమే. పెద్ద సరస్సులనించి ఎక్కడో ఎడారిలో ఉన్న లేక్ మీడ్ అనే జలాశయానికి అది 2007లో చేరింది, తేలిగ్గా ఊహించగల దారి ట్రైలర్ మీద పడవలదే. మిషిగన్‌లో 2019 నుంచి చట్టం ఉంది, పడవ నీళ్లలోంచి తీశాక నాచు పీకేసి, నీళ్లు వదిలేసి, పడవ అడుగున నీళ్లు కారే కన్నానికి ఉండే బిరడా తీసే ఉంచి గానీ రోడ్డెక్కకూడదు. మన దగ్గర అక్వేరియంలో పెరిగి పెద్దదైపోయిన సక్కర్ చేపని పాపం అని పక్క చెరువులో వదిలేసేవాళ్లకి ఇలాంటిది చెప్పేవాళ్లే లేరు, ఇప్పుడు జాలర్ల వలలు చింపుతున్నది అదే.

మొన్న వేసవిలో పడవలు దించే రేవు దగ్గర నిలబడి ఉన్నాను. ఒకాయన పడవని ట్రైలర్ మీదకి లాక్కుని, తడి తువ్వాలు భుజాన వేసుకుని, ఆకలేస్తోంది పదండి పదండి అంటూ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పదేళ్ల కూతురు కారెక్కలేదు. పడవ వెనక్కి వెళ్లి వంగి చూసి అరిచింది.

"నాన్నా, బిరడా తియ్యలేదు!"

ఆయన గొణుక్కుంటూ దిగాడు. బిరడా తీశాక అడుగునించి నీళ్లు చాలాసేపు కారాయి.