ఎత్తి దించితే సరిపోదు: వికలాంగుల ఈతపై అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరితే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మేడమ్, మా వాణ్ణి ఈతకు తీసుకుపోదామనుకుంటున్నాం. పూల్ వాళ్ళను అడిగితే ఏం పర్లేదు రండి, మా దగ్గర ఇద్దరు పిల్లోళ్ళు ఉంటారు, ఎత్తి దించుతారు అన్నారు. పోవచ్చా?"

నేను అనంతపురంలో ఫిజియోథెరపిస్టుని. పోలియో, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పడం), వెన్నెముక దెబ్బ, పక్షవాతం ఉన్నవాళ్ళతో నీళ్ళలో వ్యాయామం చేయించడం నా పనిలో పెద్ద భాగం. వికలాంగుల ఈత గురించి రకరకాల అపోహలు వింటుంటాను గానీ, ఈ ‘ఎత్తి దించుతాం’ అనే మాట చేసినంత నష్టం ఇంకేదీ చేయలేదు. సాయం చేద్దామనే మంచి మనసుతోనే అంటారు. అందుకే దీన్ని ఎవరూ ప్రశ్నించరు.

అపోహ: ఇద్దరు మనుషులుంటే చాలు, లిఫ్టూ ర్యాంపూ ఎందుకు?

ఎత్తి దించేటప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరుండి చూడండి. ఒకరు వెనక నుంచి చంకల కింద చేతులు వేస్తారు. ఇంకొకరు మోకాళ్ళ కింద పట్టుకుంటారు. కింద తడి టైల్స్. తడిసిన ఒళ్ళు చేతుల్లోంచి జారుతుంటుంది. లోపలికి దించడం కాస్త నయం, నీళ్ళే అందుకుంటాయి. బయటికి తీసేటప్పుడు ఉంటుంది అసలు కష్టం. నీళ్ళలో తేలిన మనిషి గట్టు దాటేసరికి మొత్తం బరువుతో చేతుల్లో పడతాడు. చంకల్లో పట్టి లాగితే భుజం కీలు తప్పుకోవచ్చు. పక్షవాతం వచ్చిన భుజానికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ధర్మవరం వైపు నుంచి ఒకాయన నా దగ్గరికి వస్తాడు. ట్రాక్టర్ బోల్తా పడి వెన్నెముక దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. ఒక పూల్‌లో ఆయన్ను బయటికి లాగుతుంటే మడమ టైల్ అంచుకు గీసుకుపోయింది. నొప్పి లేదు కాబట్టి ఆయనకు తెలియలేదు. పట్టుకున్న పిల్లలకూ తెలియలేదు. బట్టలు మార్చుకునే గదిలో టవల్ మీద ఎర్రటి మరక చూసి ఆయన భార్య కేక పెట్టింది. కదలిక, స్పర్శ లేని కాలికి గాయమైతే మానడానికి వారాలు పడుతుంది. పుండు మానేదాకా నీళ్ళలోకి దిగకూడదు. చేస్తున్న వ్యాయామమంతా ఆగిపోయింది. ఎవరినీ తిట్టడానికి లేదు, అందరూ సాయమే చేశారు.

ఇది ఒక రకం నష్టం. ఇంకో రకం నష్టం నెమ్మదిగా వస్తుంది, పైకి కనపడదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాణ్ణి ఆరేళ్ళ వయసులో అమ్మ చంకనేసుకుని తెస్తుంది. ఏ ఇబ్బందీ ఉండదు. పదేళ్ళు వచ్చేసరికి వాళ్ళ నాన్న కూడా పని మానుకుని రావాలి. పదమూడేళ్ళకు ఆ అమ్మకు నడుము నొప్పి, నాన్నకు కూలి పోతుందన్న బాధ. ఒకరోజు రావడం మానేస్తారు. అడిగితే "వాడికి ఇప్పుడు ఇష్టం లేదు మేడమ్" అంటారు. వాడికి ఇష్టం లేకపోవడమేంటి! నీళ్ళు తప్ప వాడి కాళ్ళు వాడి మాట వినే చోటు ఇంకోటి లేదు. సరిగ్గా ఎదిగే వయసులో, కండరాలు బిగుసుకుపోయే వయసులో, వ్యాయామం ఆగిపోతుంది.

ఆడపిల్లల సంగతి ఇంకా ముందే తేలిపోతుంది. పెద్దమనిషి అయిన పిల్లను తడి బట్టల్లో పరాయి మగపిల్లలు చంకల కింద చేతులేసి ఎత్తుతామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఏ పిల్ల ఒప్పుకోవాలి? నా దగ్గర చిన్నప్పుడు చేపల్లా ఈదిన ఆడపిల్లలున్నారు. పన్నెండు, పదమూడేళ్ళకు అందరూ ఇంట్లోనే ఆగిపోయారు. వాళ్ళకు కావాల్సింది ఎత్తే మనుషులు కాదు, ఎవరూ ఎత్తాల్సిన పని లేకుండా దిగే దారి.

ఆ దారి కొత్తదేమీ కాదు. మా అమ్మ వాళ్ళది తాడిపత్రి వైపు ఊరు. మా పెద్దమామకు పోలియోతో చిన్నప్పుడే రెండు కాళ్ళూ పోయాయి. అయినా ఆ ఊరి దిగుడు బావిలో ఆయనంత ఈతగాడు లేడని అందరూ చెప్పేవాళ్ళు. మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ పక్కన ఆనించి, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగేవాడు. నీళ్ళు నడుముకు తగలగానే చేతులు వదిలేసేవాడు. వచ్చేటప్పుడూ అంతే, మెట్లకు వీపు పెట్టి ఒక్కొక్కటే ఎక్కేవాడు. ఎవరినీ పిలిచేవాడు కాదు. ఆ బావి ఇప్పుడు ఎండిపోయింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మనది, బోర్లు వచ్చాక బావుల్లో నీళ్ళెక్కడివి? అదే మామ ఇప్పుడు పూల్‌కు వస్తే, నిట్టనిలువుగా నిలబెట్టిన స్టీలు నిచ్చెన ముందు ఆగిపోవాల్సిందే.

మామ వాడిన మెట్లనే ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ స్టెప్స్ అంటున్నారు. అమెరికా ప్రమాణాల్లో వాటికి కొలతలు కూడా ఉన్నాయి: ఒక్కో మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లు దాటకూడదు, కూర్చోవడానికి 35 నుంచి 43 సెంటీమీటర్ల చోటు ఉండాలి. చేతుల్లో బలమున్నవాళ్ళకు ఇవి చాలు. బలం లేనివాళ్ళకు రెండే దారులు: నీళ్ళలోకి దిగే వాలు, లేదా లిఫ్ట్. వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు లోతుకు పన్నెండు అడుగుల పొడవు. రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు ఉండాలి. 60 నుంచి 75 సెంటీమీటర్ల లోతు దాకా పోవాలి. లెక్కేస్తే 7 నుంచి 9 మీటర్ల పొడవు వస్తుంది. కొత్తగా కట్టే పూల్‌లో ఇది సులువు, పాత పూల్‌ను పగలగొట్టి చేయడం కష్టం. కాబట్టి పాతవాటికి లిఫ్టే మార్గం. లిఫ్ట్ కుర్చీ గట్టు మీద 40 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో ఆగాలి, అప్పుడే వీల్‌ఛెయిర్ నుంచి పక్కకు జరిగి కూర్చోగలరు. కనీసం 136 కిలోలు మోయాలి. అన్నిటికంటే ముఖ్యం, కూర్చున్న మనిషే బటన్ నొక్కి దిగగలగాలి. అదే ప్రమాణాల ప్రకారం చుట్టుకొలత 300 అడుగులు దాటిన పూల్‌కు రెండు దారులు ఉండాలి, చిన్న పూల్‌కు ఒకటి చాలు గానీ అది వాలో లిఫ్టో అయి తీరాలి.

నిర్వాహకులు నాతో ఎప్పుడూ అనే మాట, "గేటు దగ్గర ర్యాంప్ వేశాం కదా మేడమ్." గేటు దగ్గర ర్యాంప్ ఉంటే గట్టు దాకా వస్తారు. గట్టు మీద కూర్చుని ఇంటిల్లిపాదీ ఈదుతుంటే చూసి పోవాలా? ఇంకో మాట, వీల్‌ఛెయిర్ తోసుకుని వెళ్ళేంత తలుపు బట్టలు మార్చుకునే గదికి ఉందా అని ఎవరూ కొలవరు. దానికి 90 సెంటీమీటర్ల తలుపు, లోపల కూర్చోవడానికి ఒక బెంచీ, తాళం పడే గడియ ఉంటే సగం సమస్య తీరుతుంది. వీటికి లిఫ్ట్ అంత ఖర్చు కూడా కాదు.

లిఫ్ట్ వచ్చేదాకా ఆగలేం అంటారా, ఆగనక్కర్లేదు. తప్పనిసరై ఎత్తాల్సి వస్తే గట్టు అంచున మందపాటి ఫోమ్ షీట్ వేయండి. కాళ్ళకు సాక్సులు తొడగండి, పూల్ అడుగు గరుకుగా ఉంటే పాదాలు గీసుకుపోతాయి. చంకల్లో పట్టి లాగొద్దు, తుంటి కిందుగా గట్టి గుడ్డ స్లింగ్ వేసి ఎత్తండి. ఒడ్డుకు రాగానే పిరుదులు, మడమలు, చీలమండలు కంటితో చూడండి. మామూలు వీల్‌ఛెయిర్‌ను క్లోరిన్ నీళ్ళలోకి దించొద్దు, బేరింగులు తుప్పు పడతాయి. ఊళ్ళో వెల్డింగ్ షాపులో స్టీలు పైపుతో నీళ్ళ కుర్చీ చేయించుకునేవాళ్ళు 316 రకం స్టీలు అడగండి, 304 క్లోరిన్‌కు త్వరగా మచ్చలు పడుతుంది.

అపోహ: ఈత కొడితే సదరం శాతం తగ్గుతుంది, పెన్షన్ పోతుంది

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, ఊరూరా తిరుగుతోంది. ఆమధ్య పెన్షన్ల రీ వెరిఫికేషన్లు, నోటీసులు వచ్చినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. పూల్ దగ్గర ఫోటో తీస్తే మొహం తిప్పుకునేవాళ్ళు ఉన్నారు. నెలకు 6,000 రూపాయలు పోతాయంటే ఎవరికైనా టెన్షనే, వాళ్ళ భయాన్ని నేను తేలిక చేయను. అయితే వైకల్యం శాతం తేల్చే సదరం క్యాంపులో డాక్టర్లు చూసేది కీళ్ళు ఎంత కదులుతున్నాయి, కండరాల్లో బలమెంత, చూపెంత, వినికిడెంత అని. ఈత వచ్చా రాదా అనే గడి ఆ ఫారంలో లేదు. పోలియోలో నరం చచ్చిపోయిన కండరానికి ఈత మళ్ళీ ప్రాణం పోయదు. మిగిలిన కండరాలకు బలమిస్తుంది, ఊపిరిని పెంచుతుంది, అంతే. ఈతలో బంగారు పతకం తెచ్చిన వికలాంగుడు కూడా ఆ శాతంతోనే ఉంటాడు. పారా పోటీల్లో దిగాలంటేనే వైకల్యాన్ని పరీక్షించి కేటగిరీ ఇస్తారు కదా. ఎవరో అన్నారని పిల్లల వ్యాయామం ఆపకండి.

అపోహ: ముందు కాస్త బలం రానీ, తర్వాత నీళ్ళలోకి

ఇది తిరగేసిన లెక్క. నడుము లోతు నీళ్ళలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు సగమే కాళ్ళ మీద పడుతుంది. ఛాతీ లోతులో మూడో వంతు, మెడ లోతులో పదో వంతు. నేల మీద నిలబడలేని పిల్ల నీళ్ళలో అడుగులేస్తుంది. బలం అక్కడే వస్తుంది. 1965 యుద్ధంలో తూటాలు తగిలి కాళ్ళు చచ్చుబడిన మురళీకాంత్ పేట్కర్ ఈత మొదలుపెట్టింది చికిత్సగానే. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచి మన దేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం తెచ్చారు. అందరూ పతకాలు తేవాలని కాదు, బలం కోసం ఎదురుచూస్తే ఆయనా మంచం మీదే ఉండేవారు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

నడుముకు గాలి ట్యూబు వేస్తే చాలు, ఏం కాదు అంటారు. చాలా తప్పు. కండ తరిగిన కాళ్ళు తేలికై పైకి లేస్తాయి, ట్యూబు తిరగబడితే తల కిందికి పోతుంది. సరైన లైఫ్ జాకెట్ వేయండి, అయినా చేతికందే దూరంలో ఒకరుండాలి.

ఫిట్స్ ఉన్నవాళ్ళు అసలు దిగకూడదా? మందులతో అదుపులో ఉంటే, డాక్టరు సరేనంటే దిగొచ్చు. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వద్దు. లైఫ్‌గార్డుకు ముందే చెప్పాలి, దాచడం ప్రాణం మీదకు తెస్తుంది.

యూరిన్ కంట్రోల్ లేనివాళ్ళు నీళ్ళు పాడుచేస్తారంటారు. దిగే ముందు కేథటర్‌తో (మూత్రం తీసే గొట్టంతో) ఖాళీ చేసుకుంటే, మలం సమయం ఒక పద్ధతిలో పెట్టుకుంటే ఆ సమస్యే రాదు. ఈత డైపర్ మలాన్ని ఆపుతుంది, మూత్రాన్ని ఆపదు, అది తెలుసుకుని వాడండి. బొల్లి, నయమైన కుష్ఠు నీళ్ళతో అంటుకోవు. ఆ కారణంతో గేటు దగ్గర ఆపేవాళ్ళను గట్టిగా అడగండి.

వినపడనివాళ్ళకు విజిల్ వినపడదు కాబట్టి జెండానో లైటో వాడితే సరి. చూపు లేనివాళ్ళు లేన్ తాడును తాకుతూ తిన్నగా ఈదుతారు, గోడ దగ్గరపడినప్పుడు మెత్తటి తల ఉన్న కర్రతో ఒకరు తట్టి చెబుతారు, పోటీల్లోనూ ఇదే పద్ధతి.

చలి సంగతి మాత్రం అపోహ కాదు. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు చల్లటి నీళ్ళలో కండరాలు ఇంకా బిగుస్తాయి. చికిత్సకు 33 నుంచి 35 డిగ్రీల నీళ్ళు మంచివి, మామూలు పూల్ 25 నుంచి 28 మధ్య ఉంటుంది. డిసెంబరు పొద్దున పూట వద్దు. మన ఏప్రిల్ ఎండకు సాయంత్రానికి నీళ్ళు వాటంతటవే వెచ్చబడతాయి, ఆ టైమ్ అడిగి తీసుకోండి.

చివరిగా, ‘ఇదంతా దయతో చేసేది, అడగడానికి మనకు హక్కు లేదు’ అనేవాళ్ళ కోసం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పబ్లిక్ బిల్డింగ్ అంటే జనం వినోదానికి వాడేవి కూడా, ప్రైవేటువైనా సరే. సెక్షన్ 45 ప్రకారం పాతవాటిని నిబంధనలు వచ్చిన ఐదేళ్ళలో వికలాంగులు వాడుకోగలిగేలా మార్చాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. సెక్షన్ 44 ప్రకారం కేంద్రం పెట్టిన ప్రమాణాలు పాటించని కొత్త కట్టడానికి కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. క్రీడల్లో సమాన అవకాశం సెక్షన్ 30. ప్రమాణాలను సలహాల్లా వదిలేయకూడదు, తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న చెప్పింది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో. ‘మా వాడికి సాయం చేయండి’ అని రాయకండి, పక్కన పెట్టేస్తారు. పూల్ పేరు, వెళ్ళిన తేదీ, లోపలికి దిగే వాలు ఉందా, లిఫ్ట్ ఉందా, గది తలుపు వెడల్పు ఎంత అని టేపుతో కొలిచి రాయండి. గట్టు, నిచ్చెన ఫోటోలు జతచేయండి. సెక్షన్ 30, 45 అని రాయండి. నకలు ఒకటి జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖలో ఇచ్చి, రెండు చోట్లా రసీదు అడిగి తీసుకోండి. ఎలా రాయాలో తెలియకపోతే మా క్లినిక్‌కు రండి, కూర్చుని రాసిస్తాను.