చేతులు ఎక్కడ ఉండాలి? బాక్సింగ్ గార్డ్‌పై అపోహలు - వాస్తవాలు

కొత్తగా చేరిన పిల్లల్ని అద్దం ముందు నిలబెడితే గార్డ్ (మొహానికి, ఒంటికి చేతులతో కాపలా) చక్కగానే పెడతారు. మర్నాడు నేను చేతులకి తొడుక్కున్న ప్యాడ్స్ మీద జాబ్ (ముందు చేత్తో వేసే తిన్నని పంచ్) వేయమంటే ఆ చేయి నడుము దాకా దిగి, తీరిగ్గా పైకొస్తుంది. ఆ సందులో నా ప్యాడ్ వాళ్ల చెంపకి తాకిస్తాను. "సర్, చేయి పైనే ఉందిగా!" అంటారు. నిజంగానే అలా అనుకుంటారు. నేను రోజూ దిద్దే తప్పు ఇదే.

అపోహ: నిలబడ్డప్పుడు చేతులు పైన ఉంటే గార్డ్ ఉన్నట్టే.

వాస్తవం: మనం కొట్టబోయినప్పుడే మనకి ఎక్కువ దెబ్బలు తగులుతాయి. ఒక చేయి ముందుకెళ్లిందంటే మొహానికి సగం కాపలా పోయినట్టే. కాబట్టి రెండో చేయి దవడని వదలకూడదు. వెళ్లిన చేయి వెళ్లిన దారినే, అంతే వేగంగా వెనక్కి రావాలి. అమెరికన్ బాక్సర్ జో లూయిస్ అంతటివాడు కూడా ఇక్కడే దొరికిపోయాడు. జాబ్ వేశాక అతని ఎడమచేయి కిందికి దిగుతోందని జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ ముందే కనిపెట్టాడు. 1936 జూన్‌లో, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, ఆ సందులోంచే కుడిచేత్తో కొట్టి కొట్టి 12వ రౌండ్‌లో నాకౌట్ చేశాడు.

అపోహ: గ్లవ్స్ వెనక మొహం దాచుకుంటే చాలు.

వాస్తవం: కళ్లకి గ్లవ్స్ అడ్డమైతే వచ్చే దెబ్బ కనబడదు. కనబడని దెబ్బే పడగొడుతుంది. వెనక చేయి దవడ పక్కన, బొటనవేలు చెంప ఎముకకి తగిలీతగలనట్టు ఉండాలి. ముందు చేయి ఓ జానెడు ముందుకి, కంటికి కాస్త దిగువన. గడ్డం దించి, కనుబొమల కిందనుంచి చూడాలి. పక్కనుంచి హుక్ (మోచేయి వంచి వేసే పంచ్) వస్తే ఫోన్ చెవికి ఆనించుకున్నట్టు చేయి లేపితే సరి.

అపోహ: గార్డ్ మొహం కోసమే.

వాస్తవం: ఇది నాకు ఒంటిమీద పడ్డాకే తెలిసింది. స్పారింగ్‌లో (సాధన కోసం ఇద్దరు తలపడే ఆటలో) మొహం మీదికి వరసగా రెండు దెబ్బలొచ్చేసరికి బెదిరి మోచేతులు పైకెత్తేశాను. కుడివైపు పక్కటెముకల కింద ఎడమ హుక్ పడింది. ఒక్క క్షణం ఏమీ అనిపించలేదు. ఆ తర్వాత ఊపిరాడక మోకాళ్లమీద కూలబడ్డాను. లేవాలని మనసు పోరుతోంది, ఒళ్లు వినదే! అక్కడున్నది కాలేయం. దానికి అడ్డు మోచేయి ఒక్కటే. ఇప్పుడు ఎవరి మోచేతులు బయటికి తెరుచుకున్నా నాకు ఆ నొప్పే గుర్తొస్తుంది.

అపోహ: పిడికిలి ఎప్పుడూ బిగించే ఉంచాలి.

వాస్తవం: దెబ్బ తగిలే క్షణంలో బిగిస్తే చాలు. అస్తమానం బిగించి ఉంచితే రెండో రౌండ్‌కే భుజాలు బరువెక్కి చేతులు జారిపోతాయి.

అపోహ: మహమ్మద్ అలీ చేతులు దించే ఆడాడు, మేమూ ఆడొచ్చు.

వాస్తవం: ఆ కాళ్లు, ఆ కంటిచూపు, ఆ ఎత్తు మనకున్నాయా? అంతటి అలీనీ 1971 మార్చి 8న, 15వ రౌండ్‌లో, ప్రత్యర్థి జో ఫ్రేజియర్ ఎడమ హుక్ వెల్లకిలా పడేసింది. ఇక బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ అంటారా, అతని ఎడమచేయి కిందున్నా ఎడమ భుజం గడ్డాన్ని కప్పే ఉంటుంది, కుడిచేయి దవడ దగ్గరే ఉంటుంది. అది గార్డ్ వదిలేయడం కాదు, ఇంకో రకం గార్డ్. మామూలు గార్డ్ ఒంటికి పట్టాక అడగండి, అదీ నేర్పిస్తాను.

అపోహ: హెడ్‌గార్డ్ (తలకి పెట్టుకునే మెత్తటి తొడుగు) ఉంది కదా, భయం లేదు.

వాస్తవం: తల్లిదండ్రులూ ఇది వినాలి. హెడ్‌గార్డ్ వల్ల చర్మం చిట్లడం, కమిలిపోవడం తగ్గుతాయి. పుర్రె లోపల మెదడు అదరడాన్ని మాత్రం అది ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్లు హెడ్‌గార్డ్ లేకుండానే ఆడారు. నేను స్పారింగ్‌లో అందరికీ పెట్టిస్తాను, కానీ దాన్ని నమ్ముకుని చేయి దించితే ఆట అక్కడే ఆపేస్తాను.

ఇంట్లో సాధన చేసేవాళ్లు గడ్డం కింద టెన్నిస్ బంతి నొక్కిపెట్టుకుని మూడు నిమిషాలు షాడో బాక్సింగ్ (ఎదురుగా మనిషి ఉన్నట్టు ఊహించుకుని గాల్లో పంచ్‌లు వేయడం) చేయండి. బంతి జారిందంటే గడ్డం లేచినట్టే. జాబ్ వేసిన ప్రతిసారీ బొటనవేలు తిరిగొచ్చి చెంపని తాకాలి.