బీచ్‌లో పరుగుకి ఏ షూ? అపోహలు - వాస్తవాలు

నేను వైజాగ్‌లో ఫిజియోథెరపిస్ట్‌ని. ఏటా జనవరి మూడో వారానికల్లా కుంటుకుంటూ ఒక బ్యాచ్ వచ్చేస్తుంది, ఒకటో తారీఖున ఆర్కే బీచ్‌లో పరుగు మొదలెట్టినవాళ్లన్నమాట. అందరూ అడిగేది ఒకటే, "సార్, ఏ షూ కొనమంటారు?" నేనేమో ఇసుకలో ఏ భాగం మీద పరిగెడుతున్నారు అని అడుగుతా. తెల్లమొహం వేస్తారు.

అపోహ: ఇసుక మెత్తన, కీళ్లకి మంచిది, కాళ్లకి ఏదున్నా ఒకటే.

మెత్తన అన్నమాట నిజమే, అడుగు పడ్డప్పుడు దెబ్బ తగ్గుతుంది. కానీ ఆ దెబ్బని మింగిన ఇసుకే మీరు వెనక్కి తోసే బలాన్ని కూడా మింగేస్తుంది కదా. 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చూస్తే ఇసుకలో పరుగుకి గట్టినేల మీదకన్నా 1.6 రెట్లు శక్తి పట్టింది. పైగా పొడి ఇసుకలో మడమ దిగబడిపోయి దాని వెనకున్న అకిలిస్ టెండన్ (పిక్క కండని మడమ ఎముకకి కలిపే తాడులాంటిది, మనవాళ్లు నరం అంటారు గానీ నరం కాదది) మామూలుకన్నా ఎక్కువ సాగుతుంది, మర్నాడు పొద్దున మంచం దిగుతుంటే పిక్క పట్టేస్తుంది. ఇలాంటిచోట మందపాటి కుషన్ షూ వేస్తే మెత్తటిదాని మీద మెత్తటిది, చీలమండ అటూ ఇటూ ఊగిపోవడం తప్ప లాభం లేదు. సోల్ పల్చగా ఉన్నది నయం. అదే కెరటం వచ్చి వెళ్లిన తడి ఇసుకైతే దాదాపు నేలలాగే గట్టిగా ఉంటుంది, అక్కడ మీ రోజువారీ రన్నింగ్ షూ చాలు.

అపోహ: ఒట్టికాళ్లతో పరిగెట్టడమే సహజం, షూ కంపెనీలది వ్యాపారం.

ఇది చెప్పేవాళ్లు అబెబె బికిలా పేరు తప్పకుండా ఎత్తుతారు, 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్ చెప్పుల్లేకుండా గెలిచాడు కదా అని. 1964లో టోక్యోలో మళ్లీ గెలిచినప్పుడు ఆయన కాళ్లకి షూ ఉంది, అది ఎవరూ చెప్పరు! పెదజాలరిపేటలో చెప్పుల్లేకుండా ఇసుకలో తిరిగేవాళ్ల పాదం చిన్నప్పట్నుంచీ అలా గట్టిపడింది, మీదేమో పదేళ్లుగా ఆఫీసు బూట్లలో ఉంది, రెండూ ఒకటెలా అవుతాయి? సరదా ఉంటే తడి ఇసుకలో 5 నిమిషాలు, వారానికి రెండుసార్లు మొదలెట్టండి, పిక్కలు ఒప్పుకుంటే మెల్లగా పెంచుకోండి.

షుగర్ ఉన్నవాళ్లకి మాత్రం ఈ సరదా కూడా వద్దు. అరికాలు స్పర్శ తగ్గినవాళ్లకి గాజుపెంకు దిగినా తెలీదు. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన ఇంటికెళ్లాక గచ్చు మీద రక్తపు అడుగులు చూసి ఎవరివా అనుకున్నారట, తనవేనని తర్వాత తెలిసింది. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది.

అపోహ: బీచ్‌కి వాటర్‌ప్రూఫ్ షూ కొనాలి.

నీళ్లు పైనుంచి, చీలమండ దగ్గర్నుంచి వస్తాయి కదండీ! లోపలికొచ్చినవి ఇక బయటికి పోవు, కుండలో పోసినట్టే. జల్లెడలాంటి మెష్ ఉన్నదైతే నీళ్లు పోతాయి గానీ ఇసుక దూరుతుంది. కాబట్టి అల్లిక దగ్గరగా ఉన్న పల్చటి మెష్ చూసుకోండి, కాటన్ సాక్స్ మాత్రం వద్దు, తడిస్తే బొబ్బలు ఖాయం. ట్రెయిల్ షూ అడుగున ఉండే పెద్ద పళ్లు మట్టిలో, రాళ్లలో పట్టు కోసం, పొడి ఇసుకలో వాటికి పట్టు దొరకదు. ఇక చెప్పులు, క్రాక్స్‌తో పరుగంటారా, జారిపోకుండా వేళ్లు ముడుచుకుని పరిగెట్టాలి, వద్దు.

అపోహ: మోకాలు నొప్పెడుతోందంటే షూ బాలేదు.

అసలు గొడవంతా ఇక్కడే. తీరం సముద్రంవైపు వాలుగా ఉంటుంది, అంటే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో, రెండోది మెరకలో పడుతుంది, నడుము ఒరిగిపోతుంది, మోకాలి బయటిపక్క నొప్పి మొదలవుతుంది. పోయిన దారినే తిరిగొస్తే పల్లంలో పడే కాలు మారి కొంత సరిపోతుంది గానీ మనవాళ్లు వెళ్లేటప్పుడు ఇసుకలో వెళ్లి, అలిసిపోయి వచ్చేటప్పుడు బీచ్ రోడ్డెక్కుతారు, దాంతో రోజూ ఒకే కాలికి దెబ్బ. ఒకాయన ఇలాగే మూడు జతలు మార్చి వచ్చాడు, నేను చెప్పింది పోయిన దారినే తిరిగి రమ్మని, అంతే. ఆటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక వెడల్పుగా, కాస్త చదునుగా దొరుకుతుంది, ఆ ఆటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంటుంది కాబట్టి ఇవాళ ఆరింటికి బాగుందని వారం తర్వాత కూడా ఆరింటికే వెళ్తే కెరటాలు మీ సాక్స్ దాకా వస్తాయి.

ఇంటికొచ్చాక షూని మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. ఇసుక మాత్రం కిందే దులపండి, లిఫ్టులో రాలిస్తే మా వాచ్‌మన్ ఊరుకోడు.