కరివేపాకు తినే ఆ పురుగుకి మందు అడగకండి

శ్రీకాకుళంలో చిన్న నర్సరీ నడుపుతున్నాను. సీతాకోకచిలుకలు రావాలని నూరువరహాలు, బంతి కొనుక్కెళ్లినవాళ్లే రెండు నెలలకి మళ్లీ వస్తారు: "కరివేపాకుని ఆకుపచ్చ పురుగు తినేస్తోందండీ, మందు ఏదైనా ఇవ్వండి." ఆ పురుగే వాళ్లు రావాలనుకున్న సీతాకోకచిలుక. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

అపోహ: పువ్వులుంటే చాలు.

వాస్తవం: పువ్వు దగ్గరికి తేనె కోసం వస్తాయి, తాగి వెళ్లిపోతాయి. మీ పెరట్లోనే పుట్టాలంటే పిల్లలకి తిండి ఉండాలి. ఒక్కో జాతి తన పిల్లలు తినగల మొక్కను వెతుక్కుని గుడ్డు పెడుతుంది. నల్ల రెక్కల పెద్ద సీతాకోకచిలుకలకి కరివేపాకు, నిమ్మ కావాలి. లేత పసుపు రంగువాటికి తంగేడు, రేల. గన్నేరు మీద, ఆముదం మీద పెరిగేవి వేరే. కరివేపాకు పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, ఎదిగాక ఆకుల్లో కలిసిపోతుంది. తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది, అంతే. గుడ్డు నుంచి రెక్కల దాకా సుమారు నెల రోజులు. అందుకే కరివేపాకు రెండు మొక్కలు వేయమంటాను, ఒకటి పోపుకి, ఒకటి వాటికి. కూర మొక్క మీద పురుగు కనిపిస్తే రెమ్మతో సహా తీసి రెండోదాని మీద పెట్టండి.

అపోహ: ఏ పురుగు తాకినా దురదే.

వాస్తవం: మునగచెట్టుకి గుంపులుగా పట్టే బొచ్చు గొంగళ్లతో దురద నిజమే. అవి చిమ్మటల పిల్లలు. కరివేపాకు పురుగుకి ఆ బొచ్చే ఉండదు.

అపోహ: జిల్లేడు ఇంటి చుట్టుపక్కల ఉండకూడదు.

వాస్తవం: రథసప్తమికి జిల్లేడాకులు తలమీద పెట్టుకుని స్నానం చేసేవాళ్లం మనం. అరసవల్లి దేవుడున్న ఊళ్లో ఆ మొక్కని నరికేస్తుంటే బాధేస్తుంది. నారింజ రెక్కలకి నల్ల అంచున్న సీతాకోకచిలుక దాని మీదే పెరుగుతుంది. పాలు కంట్లో పడకూడదు కాబట్టి పిల్లలు ఆడుకునే చోట కాకుండా గోడవార ఉంచండి.

అపోహ: బీర పిందెలు రాలితే ఎరువు చాలలేదని.

వాస్తవం: చాలాసార్లు పుప్పొడి అందక రాలతాయి. బీర, సొర పువ్వులు విచ్చేది సాయంత్రం. "మందు సాయంత్రం కొట్టండి, తేనెటీగలు ఉండవు" అనే సలహా ఈ పాదులకి పనికిరాదు. అప్పుడే చిమ్మటలు వస్తాయి. పూసిన పాదు మీద వేపనూనె కూడా వద్దు, అది లేత పురుగుల్ని చంపుతుంది. అత్యవసరమైతే మగపువ్వు కోసి, వెనక పిందె ఉన్న ఆడపువ్వుకి మీరే అద్దండి.

వంగకీ టమాటాకీ పెద్ద నల్ల తుమ్మెద కావాలి. అది పువ్వుని పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తేనే పుప్పొడి బాగా రాలుతుంది. దాన్ని చూసి చీపురు తీయకండి. ఎండుకొయ్యలో గూడు పెట్టుకుంటుంది, రెండు దుంగలు ఓ మూల వదిలేయండి.

2018 తిత్లీ తుపాను పడగొట్టాక ఉద్దానంలో మళ్లీ నాటుకున్న జీడి తోటలకీ ఇదే వర్తిస్తుంది. జీడి పుప్పొడి జిగట, గాలికి ఎగరదు, కీటకాలే మోయాలి. తిత్లీ అంటే సీతాకోకచిలుకే అని తెలిసిన రోజు మనసు చివుక్కుమంది. పూత మీద పగటిపూట మందు కొట్టకండి.

ఇక నర్సరీలో కొనక్కర్లేనిది గడ్డిచామంతి. పీకకుండా ఓ జానెడు చోటు వదలండి, పక్కనే ఇసక కలిపిన మట్టిని తడిగా ఉంచండి. ఉప్పు కోసం మగ సీతాకోకచిలుకలు అక్కడ వాలతాయి.