ఐసీఎఫ్ గోడలు: చదరపు అడుగు రేటుతో మొదలయ్యే అపోహలు

పోయిన వారం ఒకాయన ఫోన్ చేశారు. పలకరింపులు కూడా పూర్తికాకుండానే "ఐసీఎఫ్ గోడ చదరపు అడుక్కి ఎంతండీ?" అన్నారు. ఐసీఎఫ్ అంటే ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్స్, థర్మాకోల్ బ్లాకులు పేర్చి వాటి మధ్యలో కాంక్రీటు పోసి గోడ కట్టే పద్ధతి. ఈ ప్రశ్నకి నేను అంకె చెప్పను. చెబితే ఆయన దాన్ని తీసుకెళ్లి ఇటుక గోడ రేటు పక్కన పెడతారు. ఆ రెండు అంకెలూ రెండు వేర్వేరు వస్తువులవి. ఇన్నేళ్ల పనిలో నేను చూసినంతలో, ఇల్లు కట్టుకునేవాళ్ల డబ్బు ఎక్కువగా పోయింది ఈ పోలిక దగ్గరే. అందుకే ముందు దీని గురించే రాస్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: బ్లాకుల ధర తెలిస్తే గోడ ఖర్చు తెలిసినట్టే.

వాస్తవం: బ్లాకు సెంట్రింగ్ మాత్రమే, అంటే కాంక్రీటు పోసే అచ్చు. అటూ ఇటూ రెండున్నర అంగుళాల థర్మాకోల్, వాటిని కలిపి పట్టుకునే ప్లాస్టిక్ టైలు, మధ్యలో ఖాళీ. బరువు మోసేది ఆ ఖాళీలో పోసే కాంక్రీటు. లెక్క వేసి చూడండి. 48 అంగుళాల పొడవు, 16 అంగుళాల ఎత్తు ఉండే మామూలు సైజు బ్లాకులైతే వంద చదరపు అడుగుల గోడకి 19 పడతాయి. కోర్, అంటే మధ్యలో కాంక్రీటు మందం, ఆరంగుళాలైతే అదే వంద చదరపు అడుగులకి 50 ఘనపు అడుగుల కాంక్రీటు కావాలి. అంటే 1.4 క్యూబిక్ మీటర్లు, దాదాపు మూడున్నర టన్నుల బరువు. ఆపైన అడ్డం, నిలువు ఊచలు, కాంక్రీటు పంపు అద్దె, గోడని నిటారుగా పట్టి ఉంచే బ్రేసింగ్, కిటికీలూ గుమ్మాల చుట్టూ బిగించే చట్రాలు (బక్కులు), పోసే రోజు కూలీ. వీటిలో ఒక్కటి కూడా బ్లాకుల బిల్లులో కనపడదు.

కొన్నేళ్ల కిందట ఒక రిటైరైన దంపతులు రెండు కొటేషన్లు పట్టుకుని వచ్చారు. ఒకటి రెండోదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. తక్కువ చెప్పినవాళ్లకి అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేశారు. నేను ఆ కాగితం లైను లైనుగా చదివాను. అందులో బ్లాకులు, వాటిని పేర్చే కూలీ ఉన్నాయి. కాంక్రీటు లేదు, స్టీల్ లేదు, బ్రేసింగ్ లేదు, బయటి ఫినిషింగ్ ఊసే లేదు. "అన్నీ కలిపేనని చెప్పారండీ" అని ఆవిడ అంటుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ ఇద్దరూ జాగ్రత్త లేని మనుషులు కారు, పక్కాగా లెక్కలు రాసుకునేవాళ్లే. ఏ లైన్లు ఉండాలో తెలియక, లేని లైన్లని పట్టుకోలేకపోయారు.

ఫినిషింగ్ ఊసు లేదన్నాను కదా, చాలామంది మోసపోయేది అక్కడే. థర్మాకోల్ మీద మామూలు సిమెంట్ ప్లాస్టరింగ్ నేరుగా చేస్తే నిలవదు. బయట ఫైబర్ మెష్ పొదిగిన బేస్ కోట్ వేసి, దాని మీద ఫినిష్ కోట్ వేయాలి. లోపల ప్లాస్టిక్ టైల చివరలకి స్క్రూలతో జిప్సం బోర్డు బిగించాలి. ఈ పనికి అలవాటుపడ్డ మనుషులు కావాలి, వాళ్ల కూలీ వేరు.

ఇక రెండో వైపు చూద్దాం. ఐసీఎఫ్ రేటు పక్కన పెట్టే ఇటుక గోడలో ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) ఉండదు. ఐసీఎఫ్‌లో ఐదంగుళాలు ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడతో పోలిస్తే ఈ గోడ గుండా వచ్చే వేడి ఆరేడు రెట్లు తక్కువ. ఇటుక గోడకి అంత ఇన్సులేషన్ చేయించి, ప్లాస్టరింగ్, రోజుల తరబడి క్యూరింగ్, కాలమ్స్, వాటి సెంట్రింగ్ అన్నీ కలిపి అప్పుడు పక్కపక్కన పెట్టండి. ఐసీఎఫ్‌లో సెంట్రింగ్ విప్పే పని లేదు. తడి ఆరిపోకుండా థర్మాకోలే కాపాడుతుంది కాబట్టి నీళ్లు పట్టే పని కూడా దాదాపు ఉండదు. అయినా ఇన్సులేషన్ లేని మామూలు గోడ కన్నా ఐసీఎఫ్‌కి ముందు పెట్టాల్సిన డబ్బు ఎక్కువే. తక్కువ అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ ఎక్కువ కాస్తా రెట్టింపయ్యేది కాలమ్స్ దగ్గర. ఐసీఎఫ్ గోడ బరువు మోసే ఆర్‌సీసీ గోడ. స్లాబు బరువు తనే పునాదికి దించుతుంది. భయం కొద్దీ చాలామంది పాత పద్ధతిలో చుట్టూ కాలమ్స్, బీములు వేయించి, మధ్యలో ఐసీఎఫ్ పెట్టిస్తారు. ఒకే ఇంటికి రెండు అస్థిపంజరాల ఖర్చు అది. పెద్ద ఓపెనింగులు, పొడవాటి బీములు వచ్చే చోట స్ట్రక్చరల్ ఇంజనీరు అడిగితే వేయాల్సిందే. మిగతా చోట్ల ఎందుకో ఆయన్నే అడగండి. "ఉంటే మంచిది కదా" అనేది జవాబు కాదు.

కోర్ మందం విషయంలోనూ ఇదే భయం పనిచేస్తుంది. కిటికీలూ గుమ్మాలూ పోను 1,400 చదరపు అడుగుల గోడ ఉందనుకోండి. ఆరంగుళాల కోర్‌కి సుమారు 20 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, ఎనిమిదంగుళాలకి 26 దాటుతుంది. ఒక మిక్సర్ లారీ నిండా కాంక్రీటు తేడా, దానికి తోడు గదుల్లో జాగా కూడా తగ్గుతుంది. డిజైన్ అడిగితే ఎనిమిది వేయండి. ఎవరో చుట్టం గట్టిగా ఉంటుందన్నారని మాత్రం వేయకండి.

ప్లాను గీసేటప్పుడే మిగిలే డబ్బు కూడా ఉంది. 16 అంగుళాల బ్లాకులతో పదడుగుల ఎత్తు అంటే ఏడున్నర వరసలు. ఆ సగం వరస కోసం చుట్టూ కోయాలి, కోసిన ముక్కకి బ్రేసింగ్ పెంచాలి. ఎత్తు 9 అడుగుల 4 అంగుళాలకి దించితే సరిగ్గా ఏడు వరసలు, 10 అడుగుల 8 అంగుళాలకి పెంచితే ఎనిమిది. ఒక్క కోత ఉండదు. కిటికీలు ఎక్కువ పెడితే గోడ తగ్గి ఖర్చు తగ్గుతుందనే మాట కూడా వింటుంటాను. ప్రతి కిటికీకీ బక్కు, పైన లింటెల్ ఊచలు, పోసేటప్పుడు లోపల ఊతం కావాలి. నాలుగు చిన్న కిటికీల కన్నా ఒక పెద్ద కిటికీ చవక.

అపోహ: ఐసీఎఫ్ కట్టాం కదా, కరెంటు బిల్లు దానంతట అదే తగ్గుతుంది.

వాస్తవం: గోడ తన వాటా వేడిని ఆపుతుంది, అంతవరకే. స్లాబు మీద ఇన్సులేషన్ లేకుండా, పడమటి ఎండకి ఒంటి అద్దం కిటికీలు పెట్టి, ఇల్లు చల్లబడలేదని గోడని అంటే ఎలా? ఏసీ దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. పాత అలవాటు ప్రకారం గది కొలతని బట్టి టన్నులు చెబుతారు. ఐసీఎఫ్ ఇంటికి అది పెద్దదైపోతుంది. పెద్ద ఏసీ గదిని నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ తీసే తీరిక దానికి ఉండదు. గది చల్లగానే ఉంటుంది కానీ ఒళ్లు జిడ్డుగా, చెమ్మగా అనిపిస్తుంది. గోడ, స్లాబు, కిటికీలు అన్నీ కలిపి లోడు (ఏసీ ఎంత వేడి తీయాలో) లెక్క వేయించి ఏసీ కొనండి. గోడ మీద ఎక్కువ పెట్టిన డబ్బులో కొంత అక్కడ వెనక్కి వస్తుంది. మొదటి ఏడాది ఇంట్లో కాస్త తేమ ఉంటే గోడ కారుతోందని టెన్షన్ పడకండి. థర్మాకోల్ మధ్యలో ఉన్న కాంక్రీటు నెమ్మదిగా ఆరుతుంది. ఇలాంటి ఇంట్లోకి గాలి సందుల్లోంచి చొరబడదు కాబట్టి గాలి మారే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

అపోహ: పిల్లల బొమ్మ ఇటుకల్లా పేర్చేయడమే, ఎవరైనా చేయొచ్చు.

పేర్చడం నిజంగానే తేలిక. అసలు పరీక్ష పోసే రోజు. నాలుగడుగుల ఎత్తు పచ్చి కాంక్రీటు అడుగున ప్రతి చదరపు అడుగు మీద దాదాపు 270 కిలోలు తోస్తుంది. అందుకే మూడు, నాలుగు అడుగుల చొప్పున ఇంటి చుట్టూ తిరుగుతూ పోయాలి. ఒకే మూల పైదాకా నింపేయకూడదు. నా తొలిరోజుల్లో ఒక సైటులో కాంక్రీటు సరిగా జారడం లేదని నేను చూడకుండా మిక్సర్‌లో నీళ్లు కలిపారు. పలచబడిన కాంక్రీటు కోసి అతికిన ఒక మూల దగ్గర బ్లాకుని చీల్చుకుని బయటికి వచ్చేసింది. నలుగురం పలకలు అడ్డుపెట్టి, చేతులతో ఎత్తిపోసి, చీకటి పడేదాకా ఆ మూల సరిచేశాం. ఆ కుటుంబం పిల్లలతో సహా నిలబడి చూస్తోంది. ఆ మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటినుంచి నేను లేకుండా పోత మొదలుపెట్టనివ్వను. కోసిన ప్రతి అతుకు మీదా పలక బిగించాకే పంపు ఆన్ చేయిస్తాను. మీరూ కాంట్రాక్టర్ని రేటు కన్నా ముందు ఇది అడగండి: పోతకి ముందు, పోత అవుతుండగా, అయ్యాక గోడ తూకం, అంటే నిటారుగా ఉందో లేదో, ఎవరు చూస్తారు? కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే గోడని సరిచేయగలం.

మిగతావి క్లుప్తంగా.

థర్మాకోల్ కదా, అంటుకుంటుందేమో అంటారు. బ్లాకుల్లో వాడే రకంలో మంటని అడ్డుకునే మందు కలుపుతారు, గోడ మధ్యలో ఉన్నది కాంక్రీటు. అయినా గది వైపు అర అంగుళం జిప్సం బోర్డు లాంటి కప్పు లేకుండా వదలకూడదు. వేడికి థర్మాకోల్ కరుగుతుంది, పొగ వస్తుంది. స్టోర్ రూమే కదా అని అక్కడ బోర్డు ఖర్చు మిగుల్చుకునేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

చెదలు థర్మాకోల్‌ని తినవు, కానీ అందులో దారులు తొలుచుకుని పై చెక్క దాకా వెళ్తాయి. నేలలో ఉండే భాగానికి చెద రక్షణ చేయించాలి.

వాటర్‌ప్రూఫింగ్‌కి పెట్రోలు, థిన్నర్ కలిసిన బిట్యుమెన్ పూస్తే థర్మాకోల్ కరిగిపోతుంది. నీటి ఆధారిత పూత గానీ, అతికించే పొర గానీ వాడాలి.

బ్లాకుల్ని నెలల తరబడి ఎండలో వదిలేస్తే పైపొర పసుపు రంగుకి తిరిగి పొడి రాలుతుంది. ఆ పొడి మీద ఏ పూతా పట్టదు.

గోడకి ఏదీ వేలాడదీయలేమనేది కూడా తప్పే. తేలికవి బోర్డుకి, ఓ మోస్తరువి టైలకి బిగుస్తాయి. గీజర్, వంటగది అల్మరాల లాంటి బరువైనవి కాంక్రీటులోకే వెళ్లాలి. ఏసీ పైపు, నీళ్ల పైపు, చిమ్నీ గొట్టం ఎక్కడ గోడ దాటుతాయో అక్కడ పోతకి ముందే స్లీవులు (దారి కోసం గోడలో వదిలే గొట్టం ముక్కలు) పెట్టించండి. తర్వాత ఊచలున్న ఆరంగుళాల కాంక్రీటుని మెషీన్‌తో గుండ్రంగా తొలిపించాల్సి (కోర్ కటింగ్) వస్తుంది. పోతకి ముందు రోజు సాయంత్రం టేపు ఆనించి ప్రతి గోడనీ ఫొటోలు తీసి పెట్టుకోండి. ఊచ ఎక్కడుందో, స్లీవు ఎక్కడుందో తర్వాత చెప్పగలిగేవి ఆ ఫొటోలే.